ముసుగాయన దగ్గని పూట

చేతకానివాడి చేతిలో మంచి పనిముట్టు పడితే జాలిపడాల్సింది పనిముట్టు మీదే. అల్లుణ్ణి చూసినప్పుడల్లా ముసుగాయనకి ఈ మాటే తోచేది.

ముసుగాయన అన్న పేరు వీధివాళ్లు పెట్టింది. ఆయన ముప్పై రెండేళ్లు ఒక ఫోటో స్టూడియోలో పనిచేశాడు. యజమాని పెద్ద పెట్టె కెమెరాతో మిల్లులకీ రేవులకీ ఫోటోలు తీయడానికి వెళ్తే వెనక మూడుకాళ్ల స్టాండు మోసింది ఈయనే. చీకట్లో ఫిల్ములు ఎక్కించిందీ ఈయనే. యజమాని కెమెరా వెనక వంగగానే తల మీద నల్లగుడ్డ కప్పి, గాలికి లేవకుండా అంచులు పట్టుకుని నిలబడిందీ ఈయనే. చదువు మూడో తరగతితో ఆగింది. మాటలు అంతకంటే ముందే ఆగినట్టున్నాయి. రోజుకి పది మాటలు దాటాడంటే ఆ రోజు ఇంట్లో ఎవరికో మూడిందన్నమాట. మిగతా వ్యవహారమంతా దగ్గుతో నడిపేవాడు. తలుపు సరిగ్గా వేయకపోతే ఒక దగ్గు. టీ పలచగా ఉంటే రెండు. అల్లుడు కెమెరా పట్టుకుంటే లెక్కలేనన్ని.

అల్లుడు అయిదేళ్లుగా శీతల గిడ్డంగిలో పెట్టెలు ఎత్తుతున్నాడు. చలికి వేళ్ల చివర్లు తెల్లబడి, మొద్దుబారి, చొక్కా గుండీ పెట్టుకోవడానికి భార్యని పిలవాల్సి వస్తోంది. ఆ పని మానకపోతే వేళ్లు దక్కవని డాక్టరు చెప్పాడు. మానితే మరో పని కావాలి. సరిగ్గా అప్పుడే, పాత కట్టడాల ఆఫీసులో ఫోటోలు తీసే మనిషి పని మానుకున్నాడని తెలిసింది. ఆ ఆఫీసువాళ్లకి ఫోను ఫోటోలు పనికిరావు. అరచేయంత ఫిల్ము మీద తీసినదైతేనే తీసుకుంటారు, నూరేళ్లు నిలుస్తుందట. అల్లుడు ఎక్కడో ఒక పాత మడత కెమెరా సంపాదించాడు. చెక్క పెట్టె, తోలు తిత్తి, వెనక బొమ్మ పడే గరుకు గాజు. రెండు నెలలు వీడియోలు చూశాడు. ఆఫీసరు దగ్గరికి వెళ్లి నిలబడితే ఆయన ఒకటే చెప్పాడు.

"ఏటి మీద పాత ఇనుప వంతెన సోమవారం పొద్దున ఏడింటికి విప్పడం మొదలుపెడతారు. ఈలోగా రెండు ఫోటోలు కావాలి. మొత్తం వంతెన ఒకటి. రాతి దిమ్మె పక్కన కొలకర్ర పెట్టి దగ్గరగా ఒకటి. సోమవారం పదకొండింటికి నెగటివులు నా బల్ల మీద ఉంటే పని నీది. లేకపోతే మరొకడిని చూసుకుంటా."

ఆదివారం పొద్దున అల్లుడు బయలుదేరాడు. కూతురు తండ్రి చేతిలో నల్లగుడ్డ పెట్టి, "నువ్వూ వెళ్లు నాన్నా. తెలిసినవాడివి," అంది.

ముసుగాయన దగ్గాడు. వస్తానని.

ఏటి గట్టు మీద అల్లుడు స్టాండు నిలబెట్టడమే ఒక తమాషా. వాలులో రెండు కాళ్లు పైకి, ఒక కాలు కిందికి పెట్టాడు. తా దూర కంత లేదు, మెడకో డోలు. ముసుగాయన దగ్గాడు. అల్లుడు గతుక్కుమని తిప్పి, రెండు కాళ్లు కిందికి పెట్టాడు. కెమెరా బిగించాడు. తిత్తి లాగాడు. అది గాలికి చిన్న కుక్కపిల్ల పొట్టలా కొట్టుకుంది. ముసుగాయన మళ్లీ దగ్గి, గాలి వచ్చే వైపు గుడ్డ అడ్డం పట్టాడు.

"థాంక్స్ మామయ్యా."

ముసుగాయన ఏటి వైపు చూశాడు. థాంక్సట. యజమాని ముప్పై రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. అందుకే ఆయన ఫోటోలు అంత స్పష్టంగా ఉండేవి.

అల్లుడు ముసుగులో దూరి పావుగంట బయటికి రాలేదు. లోపలినుంచి మూలుగులు, ఒకసారి "అబ్బా!", ఒకసారి "ఎక్కడికి పోయావే?" వినబడ్డాయి. వంతెన ఎక్కడికి పోతుంది? నూరేళ్లుగా అక్కడే ఉంది.

"చూస్తారా మామయ్యా?" అల్లుడు బయటికి వచ్చి, చెమట తుడుచుకుంటూ అడిగాడు. "ఎంత బాగుందో."

"నేను చూడని గాజా?" అన్నాడు ముసుగాయన. ఆ పూటకి అది మొదటి మాట.

నిజానికి ఆయన ఎప్పుడూ చూడలేదు. ఒకసారి కూడా. పనిలో చేరిన కొత్తలో తల దూర్చబోతే యజమాని మోచేత్తో పొడిచి, "గుడ్డ పట్టుకోవడానికి జీతం, చూడటానికి కాదు," అన్నాడు. ఆ తర్వాత ఆయన అడగలేదు, యజమాని చూపలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అన్నీ తెలిసినవాడని కూతురు నలుగురికీ చెప్పుకుంటుంది. చెప్పుకోనీ.

అల్లుడు ఫిల్ము పెట్టే చట్రం తీసి కెమెరా వెనక దోపాడు. అరచేతి మందాన ఉండే ఆ చట్రానికి రెండు వైపులా రెండు ఫిల్ములు. ఒక్కో ఫిల్ము మీద ఒక్కో నల్ల రేకు కప్పి ఉంటుంది. ఫోటో తీసేముందు రేకు పైకి లాగాలి, తీశాక మళ్లీ దోపాలి. అల్లుడు రేకు మీద చెయ్యి వేశాడు. లెన్సు ఇంకా తెరిచే ఉంది. ఉన్నపళాన రేకు లాగితే ఫిల్ము తగలబడినట్టే. ముసుగాయన గొంతు పగిలేలా దగ్గాడు. అల్లుడు ఉలిక్కిపడి, నాలుక కరుచుకుని, లెన్సు మూసి, అప్పుడు లాగాడు.

"దీని సంగతి వీడియోలో చెప్పలేదా అల్లుడుగారికి?"

"చెప్పారు మామయ్యా. కంగారులో..."

"కంగారు కూడా వాళ్లే నేర్పారా?"

అల్లుడు నవ్వాడు. ఏమన్నా నవ్వుతాడు. అదే ఒళ్లు మండే సంగతి. తిడితే తిట్టు తగలాలి కదా, పోయి ఇసుకలో పడ్డట్టు ఉంటే ఎట్లా?

ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని మొత్తం వంతెనని చట్రం రెండు వైపులా తీశాడు. చట్రాన్ని సంచిలో పెట్టి, రెండో చట్రం అక్కడే ఉందని తడిమి చూసుకుని, కొలకర్ర పట్టుకోవడానికి మనిషి కావాలని వంతెన కాపలావాడి గది వైపు పరిగెత్తాడు.

ముసుగాయన సంచిలోకి తొంగి చూశాడు. చూసి, ఆయన మొహంలో ఆ రోజు మొదటిసారి వెలుగు వచ్చింది.

రేకు పిడికి ఒక వైపు తెలుపు, ఒక వైపు నలుపు ఉంటుంది. ఏ ఫిల్ము వాడారో, ఏది వాడలేదో గుర్తుకి. స్టూడియోలో కట్టడి ఇది: నలుపు బయటికి ఉంటే కొత్త ఫిల్ము, చీకట్లో నిద్రపోతోంది. తెలుపు బయటికి ఉంటే వెలుగు తగిలింది, పని అయిపోయింది. ముప్పై రెండేళ్లు వేల చట్రాలు ఆ లెక్కనే ఆయన చేతుల్లోంచి వెళ్లాయి. మరి ఈ మహానుభావుడు? ఇప్పుడే తన కళ్ల ముందు వాడిన చట్రానికి రెండు వైపులా నలుపు. ఇంకా ముట్టుకోని చట్రానికి రెండు వైపులా తెలుపు. అంతా తారుమారు.

కోతికి కొబ్బరిచిప్ప దొరికిందంటే ఇదే.

అప్పుడు దగ్గితే సరిపోయేది. గది ఎంతో దూరం లేదు, కేక వేసినా సరిపోయేది. కానీ ముసుగాయనకి ఆ మాట అక్కడ ఖర్చు చేయబుద్ధి కాలేదు. సాయంత్రం ఇంట్లో, భోజనాల దగ్గర, కూతురు వింటుండగా, "నీ మొగుడికి తెల్లదేదో నల్లదేదో కూడా తెలీదు. నేను సరిచేయకపోతే ఈపాటికి గంగపాలు," అంటే? ఆ మాటకి ఎంత రుచి! పది మాటలవాడికి ఒక మంచి మాట దొరకడం అంటే మామూలు సంగతి కాదు. దాన్ని ఏటి గట్టున కాకులకి వేస్తాడా?

సంచి అడుగున వెలుగు చొరని నల్లసంచి ఉంది, రెండు చేతులు దూర్చుకోవడానికి రెండు తొడుగులతో. రెండు చట్రాలూ అందులో పెట్టి, జిప్పు లాగి, చేతులు దూర్చాడు. కళ్లు మూసుకున్నాడు. వేళ్లే చూశాయి. రేకు లాగడం, తిప్పడం, దోపడం. నాలుగు రేకులు, నిమిషం పట్టలేదు. పదేళ్లయింది ఈ పని చేసి, ఒక్క గీత పడలేదు. చట్రాలు సంచిలో ఎప్పటిలాగే పెట్టి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

అల్లుడు కాపలావాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. సంచిలో చూసి, ఒక క్షణం తల గోక్కున్నాడు. తెలుపు ఉన్న చట్రం తీసుకుని, కెమెరా భుజాన వేసుకుని, "మీరు దిగకండి మామయ్యా, జారుతుంది," అని దిమ్మె దగ్గరికి దిగిపోయాడు. ముసుగాయన చూడలేదు. ఆయన ఏటిని చూస్తూ సాయంత్రం మాటకి పదును పెట్టుకుంటున్నాడు.

ఆ మాట ఏడు గంటలు నాలుక కింద ఊరింది.

ఇంటికి వచ్చాక అల్లుడు స్నానాలగదిలో దూరి, తలుపు సందుల్లో దుప్పటి కుక్కి, మందునీళ్లలో ఫిల్ములు కడిగాడు. ముసుగాయన కంచం ముందు కూర్చుని ఎదురు చూశాడు. ఎంతకీ తలుపు తెరుచుకోదు. తెరుచుకున్నాక వచ్చినవాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

నాలుగు ఫిల్ములు తెచ్చి దీపానికి ఎత్తి చూపించాడు. రెండు ఖాళీ, కడిగిన గాజుల్లా. మిగతా రెంటిలో వంతెన ఉంది. వంతెన నడుముకి అడ్డంగా రాతి దిమ్మె ఉంది. ఆకాశంలో కొలకర్ర పట్టుకుని కాపలావాడు నిలబడి ఉన్నాడు.

"తీసినదాని మీదే మళ్లీ తీశాను," అన్నాడు అల్లుడు భార్యతో. నవ్వడానికి చూశాడు, రాలేదు. "తెలుపంటే కొత్తది, నలుపంటే వాడేసింది. లోకమంతా అంతే చేస్తారు. నేనూ అంతే చేశాననుకున్నా. ఎక్కడ పొరపాటు పడ్డానో తెలీట్లేదు. ఈ వేళ్లకి స్పర్శ లేదు, ఏది తిప్పానో ఏది తిప్పలేదో."

"లోకమంతానా?" ముసుగాయన అడిగాడు. గొంతు ఆయనదిలా లేదు.

"అవును మామయ్యా. మీకు తెలీనిదేముంది? మీ స్టూడియోలోనూ అంతేగా?"

ముసుగాయనకి యజమాని జిత్తు కళ్ల ముందు కనబడింది. పనివాడెవడైనా వేరే స్టూడియోకి పారిపోతే అక్కడ మొదటి రోజే ఫిల్ములు పాడుచేసి తన్నులు తిని తిరిగి రావాలని, లోకం లెక్కని తలకిందులు చేసి పెట్టాడు వెధవ. దాన్ని వేదవాక్కులా ముప్పై రెండేళ్లు మోసినవాణ్ణి ఏమనాలి? యజమాని పోయి పదేళ్లు. ఇంకా ఆయన స్టాండే తను మోస్తున్నాడు.

"మంగళవారం గిడ్డంగికి వెళ్లిపోతానే," అన్నాడు అల్లుడు. "నాకు రాదు ఈ పని. మామయ్య చూపులోనే తెలుస్తూ ఉంటుంది."

కూతురు తండ్రి వైపు తిరిగింది. "నువ్వక్కడే ఉన్నావు కదా నాన్నా. ఉప్పు తక్కువైతే దగ్గుతావు, చెప్పులు వంకరగా విడిస్తే దగ్గుతావు. ఇంత తప్పు జరుగుతుంటే ఎందుకు దగ్గలేదు?"

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టు, ముసుగాయన చేతులు వాటంతటవే కంచం మీదనుంచి లేచి ఒళ్లో పడ్డాయి. మాట్లాడకుండా ఉండొచ్చు. ఇంకెవరూ గుచ్చి అడగరు. మాట్లాడకపోవడం ఆయనకి అలవాటే. అల్లుడు తన తప్పే అనుకుని గిడ్డంగికి పోతాడు, వేళ్లు రాలిపోతాయి, ఇంట్లో తన దగ్గుకి విలువ తగ్గదు.

"తిప్పింది నేనే," అన్నాడు.

ఇద్దరూ చూశారు.

"రేకులు. వీడు కాపలావాడి కోసం వెళ్లినప్పుడు. మా దగ్గర లెక్క వేరు. వీడు తప్పు పెట్టాడనుకుని సరిచేశాను."

అల్లుడి నోరు తెరుచుకుంది. "చెప్పచ్చుగా మామయ్యా. ఒక్క ముక్క."

కూతురు మాత్రం తండ్రి మొహాన్ని ఒక క్షణం చదివింది. పుట్టినప్పటినుంచి చదువుతున్న మొహం. "ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఇంటికొచ్చాక నా ముందు ఆయన్ని చిన్నబుచ్చుదామని దాచుకున్నావు. అంతేనా?"

ఆయన దగ్గబోయాడు. రాలేదు.

"ఛీ," అంది కూతురు. గట్టిగా కూడా అనలేదు. ముసుగాయన తన జీవితంలో ఎందరినో ఆ చూపు చూశాడు. అది తన మీద పడితే ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. కంచం ముందునుంచి లేచాడు.

"ఫిల్ములు ఎన్నున్నాయి?"

"నాలుగు," అన్నాడు అల్లుడు.

"ఎక్కించు. నాలుగున్నరకి బయలుదేరదాం. ఏడింటికి కదా వాళ్లొచ్చేది."

సోమవారం తెల్లారకముందే గట్టు మీద ఉన్నారు. వెలుగు రాగానే మొత్తం వంతెన రెండుసార్లు తీశారు. స్టాండు కాళ్లు ఈసారి అల్లుడు సరిగ్గానే పెట్టాడు. అయినా ముసుగాయన ఒకసారి దగ్గాడు, అలవాటు పోక. తర్వాత దిమ్మె దగ్గరికి దిగారు. ముసుగాయనా దిగాడు, కూర్చుని జరుగుతూ, పంట్లాం వెనకంతా బురద.

కాపలావాడు రానన్నాడు. "నిన్న నిలబెట్టారు కదా సార్? ఏ మాత్రం పని వచ్చినవాడైనా ఒకసారితో తెముల్చుకుంటాడు. గేటు తీయాలి, లారీ వస్తోంది."

టైము ఆరూ ముప్పావు. పైన లారీ చప్పుడు. కర్ర పట్టుకోవడానికి అల్లుడే వెళ్లాలి. గాజులో స్పష్టత చూసుకుని, "కర్ర అంచు లోపల ఉందో లేదో మీరు చూసి చెప్పండి మామయ్యా," అని నీళ్లలోకి దిగి, దిమ్మెకి ఆనుకుని నిలబడ్డాడు.

ముసుగాయన కెమెరా వెనక నల్లగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. ఇంకెవరి తల మీద కప్పాలి?

"కనబడుతున్నానా?" అరిచాడు అల్లుడు.

"నేనెప్పుడూ చూడలేదురా!" అని ఆయనా అరిచాడు. ఏరు వింది, లారీ దిగుతున్న కూలీలు విన్నారు. "ముప్పై రెండేళ్లలో ఒక్కసారి కూడా! మా యజమాని చూడనివ్వలేదు!"

అల్లుడు నీళ్లలోంచి కర్ర ఊపాడు. "అయితే ఇప్పుడు చూడండి! త్వరగా!"

గుడ్డ కప్పుకుని వంగాడు. ముందు చీకటి. తర్వాత కళ్లు కుదురుకుని, గాజు మీద నీళ్లు కనబడ్డాయి, పైన. ఆ నీళ్లలోంచి రాతి దిమ్మె కిందికి వేలాడుతోంది. దిమ్మె పక్కన కాళ్లు పైకి, తల కిందికి పెట్టి అల్లుడు. అది ఆయనకి తెలుసు, తలకిందులుగా ఉంటుందని విన్నాడు. రంగులుంటాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. తుప్పు ఎర్రగా ఉంది. రాతి మీద నాచు పచ్చగా ఉంది. నీళ్లు కదులుతున్నాయి. ఆయన చూసిన ఫోటోలన్నీ నలుపు తెలుపు, కదలనివి. లోపల కూడా అంతేననుకున్నాడు. యజమాని రోజూ ఇదంతా చూసి, బయటికి వచ్చి, ఏమీ చూడనట్టు నోరు చప్పరించి, బీడీ ముట్టించేవాడు. థూ. ఒక్కడే తిన్నాడు అంతా.

"మామయ్యా!"

"ఎడమకి జరుగు!"

అల్లుడు జరిగాడు. సగం మనిషి గాజులోంచి మాయమయ్యాడు.

"అటు కాదయ్యా, రెండో వైపు!"

"మీరు ఎడమ అన్నారు!"

"ఇందులో అన్నీ తిరకాసే, నీలాగే! కుడికి! ఇంకా! చాలు!"

గట్టు మీద కూలీలు పగలబడి నవ్వారు. ముసుగాయన బయటికి వచ్చాడు. ఇక చేతులకి ఎవరూ చెప్పక్కర్లేదు. లెన్సు మూశాడు. తెలుపు ఉన్న చట్రం దోపాడు. రేకు లాగాడు. షట్టరు తీగ నొక్కాడు. రేకు తిప్పి దోపాడు.

"తీశాను!" అని కేక పెట్టాడు. "నలుపు పెట్టాను! వినబడిందా? నలుపు!"

"వినబడింది!"

రెండోది తీసి మళ్లీ అరిచాడు, "ఇదీ నలుపు!" పైన మొదటి ఇనుప కమ్మీ గణగణలాడుతూ ఊడి వచ్చింది.

పదకొండింటికి ఆఫీసరు నెగటివులు కిటికీకి ఎత్తి చాలాసేపు చూశాడు. బాగున్నాయని అనలేదు. దిమ్మెది కొంచెం వంకర అన్నాడు. అని, సొరుగులోంచి ఒక కాగితం తీసి అల్లుడి ముందుకు తోశాడు. దాంట్లో ఇంకో మూడు కట్టడాల పేర్లు ఉన్నాయి. మంగళవారం అల్లుడు గిడ్డంగికి వెళ్లి, చలికోటు తిరిగి ఇచ్చేసి వచ్చాడు.

కూతురు ఆ కబురు చెబితే ముసుగాయన విన్నాడు. ఒక దగ్గు దగ్గాడు. చింత చచ్చినా పులుపు చావదు.

"వంకర ఎందుకు వచ్చిందో తెలుసా? కర్ర పట్టుకోవడం కూడా రాదు నీ మొగుడికి," అన్నాడు. తర్వాత గోడకి ఆనించిన స్టాండు తీసి, కాళ్లకి అంటిన బురద గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"ఎన్నింటికి బయలుదేరేది?"